దాళ్వా ఊడుపుల్లో కూడా ఆగని భక్తి: డెల్టా విశ్వాసి ఇంటికి కొన్ని పద్ధతులు

డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డు తీసుకుని, రేపట్నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తాను, ఏడాదిలో బైబిలు పూర్తి చేస్తాను అని తీర్మానం చేసుకునేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్లలో సంక్రాంతి దాటేవాళ్లు ఎందరో మీ సంఘంలో మీరే లెక్కేసుకోండి. ఆత్మీయ బలం లేక ఆగిపోయారని ప్రసంగాల్లో అంటుంటారు, నేనైతే మొదలుపెట్టిన తేదీనే తప్పు పడతాను. మన గోదావరి డెల్టాలో జనవరి అంటే దాళ్వా ఊడుపులు, అంటే రెండో పంట వరి నాట్లు. ఊడుపులకెళ్లే ఆడవాళ్లు నాలుగింటికి లేచేది వంట చేసి క్యారేజీ కట్టుకుని ఆటో అందుకోవడానికి, రైతేమో అదే వేళకి బోదె (చేలకి నీళ్లిచ్చే పిల్ల కాలువ) దగ్గర నీళ్ల కోసం కాపలా కాస్తుంటాడు. అలాంటి నెలలో కొత్త అలవాటు మొదలుపెడితే నిలవదు, నిలవకపోయేసరికి "మనకి భక్తి కుదరదులే" అని మనసులో పడిపోతుంది, ఇక ఆ మాట ఏళ్ల తరబడి వదలదు.

ముందు కాలువ చూసి క్యాలెండర్ వేసుకోండి

గోడకున్న క్యాలెండర్ దించి మీ ఇంటి పనులన్నీ దాని మీద రాయండి. జూన్‌లో కాలువలకి నీళ్లొస్తాయి, నారుమళ్లు, తర్వాత జులై ఆగస్టుల్లో సార్వా (మొదటి పంట) ఊడుపులు, నవంబర్ డిసెంబర్లలో మాసూళ్లు (కోతలు, నూర్పిళ్లు), ఆ వెంటనే దాళ్వా హడావుడి, మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్‌లో మళ్లీ కోతలు, ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు. ఇప్పుడు ఖాళీ ఎక్కడుందో కనిపిస్తుంది కదా. కాలువలు కట్టేసిన వేసవి నెలలే బైబిలు చదవడం మొదలుపెట్టడానికి సరైన సమయం, పిల్లలకి కూడా సెలవులే. అలాగే ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం వచ్చేసరికి, అంటే ఫిబ్రవరి మార్చి నెలల్లో, దాళ్వా చేలు ఎదిగి కూలి పనులు కాస్త తగ్గుతాయి. సాయంత్రం ధ్యాన కూడికలకి వెళ్లడానికి అంతకంటే వీలైన కాలం ఉండదు. క్రిస్మస్ మాత్రం మాసూళ్ల మధ్యలోనే పడుతుంది, దానికి మనం చేయగలిగిందేమీ లేదు, ఆ నెల కొత్తగా ఏ తీర్మానమూ పెట్టుకోకండి.

రొయ్యల చెరువులున్నవాళ్ల లెక్క వేరు. తెల్లారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళకి ఏరియేటర్లు చూసుకుంటూ, కరెంటు పోతే జనరేటర్ వేసుకుంటూ కాపలా మనిషి ఎలాగూ మెలకువగానే ఉంటాడు. చెరువు గట్టు మీద ఆ గంటే అతని ప్రార్థన గంట. ఆదివారం చర్చికి రాలేకపోయాడని అతన్ని వెనక్కి తగ్గిన విశ్వాసి కింద లెక్కగట్టే పెద్దలు ఒక్క రాత్రి ఆ గట్టు మీద కూర్చుని చూస్తే మంచిది.

ఇంట్లో పది నిమిషాలు

కుటుంబ ప్రార్థనకి గడియారం టైము పెట్టుకోవద్దు, ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి దాన్ని కట్టేయండి. రాత్రి అన్నం వడ్డించే ముందు అనుకుంటే అన్నం తినని రోజు ఉండదు కాబట్టి ప్రార్థన తప్పే రోజూ ఉండదు. తిన్నాక అనుకుంటే మాత్రం సీరియల్ ఉంటుంది, ఫోన్ ఉంటుంది, నిద్ర ఉంటుంది.

వరస ఇలా పెట్టుకోండి: నోటికి వచ్చిన పాట ఒకటి, అదీ రెండు చరణాలే. ఆ తర్వాత వాక్యం, చదువు వచ్చిన పిల్లల చేత చదివించండి. బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకి మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదికి అయిపోతుంది, చాలా సంఘాల్లో చెప్పే లెక్కే ఇది. కుదిరినవాళ్లు అలాగే చదవండి. కుదరనివాళ్లకి ఇంకో దారి ఉంది: సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి, ఈ రోజు తారీఖు ఎంతో ఆ అధ్యాయం తీయండి, ఎక్కడ ఆపామో గుర్తు పెట్టుకునే పని లేదు, నిన్న చదవలేదన్న బాధా లేదు. ఒళ్లు హూనమై వచ్చిన రోజున 117వ కీర్తన చాలు, మొత్తం రెండే వచనాలు. ఇలా చెబితే కొందరు పెద్దలకి కోపం రావచ్చు గానీ, అలసిపోయిన మనిషి రెండు వచనాలు చదవడమే నయం, 119వ కీర్తన 176 వచనాలూ చదివించి పిల్లలకి ప్రార్థనంటేనే భయం పుట్టించడం కంటే.

తర్వాత ప్రార్థన. "లోకమంతటి కొరకు" అని మొదలెడితే అది ఎక్కడా ఆగదు. ఒక చిన్న నోట్ బుక్ పెట్టుకుని అందులో పేర్లు రాసుకోండి, రోజుకి మూడు పేర్లు. సంఘస్తుల పేర్లే కాదండి, మీ వీధి లైన్‌మన్, ఏఎన్ఎం, మీరు పనికెళ్లే రైతు, మీ చేలో పనిచేసే కూలీలు, మీతో మాటల్లేని పక్కింటివాళ్లు, వీళ్లందరూ అందులో ఉండాలి. ఒకరి పేరు పెట్టి దేవుడి దగ్గర రోజూ మాట్లాడుతూ అదే మనిషిని బయట తిట్టడం కొంచెం కష్టమవుతుంది, ఈ నోట్ బుక్ వల్ల అసలు ఉపయోగం అదే.

కువైట్‌లో, దుబాయ్‌లో పనిచేసే తల్లులున్న ఇళ్లు మన కోనసీమలో, నర్సాపురం వైపు ఎన్నో ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర పెరిగే ఆ పిల్లలకి వారానికి ఒక్కసారైనా అమ్మతో కలిసి ప్రార్థన ఉండేలా చూడండి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ ఏడు. దుబాయ్ అయితే గంటన్నర తేడా. అమ్మకి పని ఎప్పుడు తెమిలేదీ అడిగి ఆ టైముకి వీడియో కాల్ పెట్టుకోండి, కువైట్‌లో చర్చి ఆరాధనలు ఎక్కువగా శుక్రవారం సెలవు రోజున జరుగుతాయి కాబట్టి అమ్మకి ఆ రోజు బయటికెళ్లే వీలుంటే ఆ వారం ఏం విందో చెప్పించుకోండి. ఒక్క మాట, ఆ కాల్‌లో ఇంటి స్లాబుకి ఎంత తగ్గిందో, ఏ వడ్డీ కట్టాలో ఎత్తకండి. దానికి ఇంకో రోజు ఫోన్ చేసుకోవచ్చు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన గురించి రెండు ముక్కలు. సుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, ఎండలో పగలంతా వంగుని ఊడ్చే ఆడవాళ్లు ఉపవాసం ఉండక్కర్లేదు, ఉండలేదని వాళ్లని తక్కువగా చూడకూడదు. తిండి మానలేనివాళ్లు ఆ పూట ఫోన్ మానండి, అదీ తేలికేం కాదు.

గుప్పెడు బియ్యం

ఇది మన అమ్మమ్మల నాటి పద్ధతే, చాలా సంఘాల్లో స్త్రీల సమాజం వాళ్లు ఇప్పటికీ నడుపుతున్నారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి, రెండు పూటలా. గుప్పెడు సుమారు యాభై గ్రాములు అనుకుంటే నెలకి మూడు కిలోలు, ముప్పై ఇళ్లు కలిస్తే తొంభై కిలోలు. ఒంటరి ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లున్న నాలుగైదు ఇళ్లకి నెలంతా సరిపోతుంది.

చెయ్యాల్సింది ఇంతే గానీ చెడగొట్టే దారులు రెండున్నాయి. ఒకటి, ఇంట్లో సన్నబియ్యం తింటూ డబ్బాలో రేషన్ బియ్యం వెయ్యడం. మీరు ఏది తింటే అదే వెయ్యండి. రెండు, ఇచ్చేటప్పుడు ఫోటో. బియ్యం మూట చేతిలో పెట్టి నలుగురు నిలబడి తీయించుకున్న ఫోటోలో ఆ ముసలమ్మ మొహం ఎప్పుడైనా గమనించారా? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయంలో ఉన్నది మనం పిల్లలకి కంఠస్థం చేయించే వాక్యమే. మూట చీకటి పడ్డాక గుమ్మంలో పెట్టేసి, "పిన్నిగారూ, బియ్యం తెచ్చామండి" అని చెప్పి వచ్చేయండి.

కూలి, కాటా, నీళ్లు

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది, పైన చెప్పినవన్నీ చేసి ఇది చెయ్యకపోతే ఊళ్లో మన మాటకి విలువ ఉండదు. మన ఇంట్లో ప్రార్థన ఎంతసేపు జరిగిందో ఊరికి తెలియదు, కూలి డబ్బులు ఎప్పుడు ఇచ్చామో మాత్రం సాయంత్రానికల్లా పేటంతా తెలుస్తుంది.

కూలివాడి కూలి మరునాటి దాకా ఉంచుకోకూడదని లేవీయకాండం 19వ అధ్యాయం, సూర్యుడు అస్తమించే లోపు ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతున్నాయి. చేలు కోసినవాళ్ల కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు పత్రిక. కాబట్టి పనికి మనుషుల్ని పిలిచే ముందే డబ్బు సర్దుకోండి. పంట డబ్బులు పడ్డాక ఇస్తానంటే ఆ మాట పనిలోకి దిగకముందే చెప్పాలి, సాయంత్రం చెబితే అది అప్పు తీసుకున్నట్టు కాదు, లాక్కున్నట్టు. చిల్లర లేదని రేపు రమ్మనడం ఈ ఫోన్ పేల కాలంలో ఎవరూ నమ్మరు. కౌలు చేసి నష్టపోయిన రైతుకి నిజంగానే చేతిలో ఉండకపోవచ్చు, అలాంటప్పుడు సగమైనా ఆ పూట ఇచ్చి మిగతాదానికి తారీఖు చెప్పి, ఆ తారీఖున మీరే వాళ్ల గుమ్మానికి వెళ్లండి, వాళ్లు మీ గుమ్మానికి వచ్చేదాకా ఆగకండి.

దశమభాగం గురించి చాలామంది అడుగుతుంటారు, రొయ్యలు పట్టుబడి చేసినప్పుడు మొత్తం మీద ఇవ్వాలా, మేత, మందులు, కరెంటు ఖర్చు పోను ఇవ్వాలా అని. పాస్టరుగార్లు తలో మాట చెబుతారు, మీ సంఘంలో ఏ పద్ధతి ఉంటే అది పాటించండి. నేను చెప్పేది ఒక్కటే, కూలీలకి, మేత కొట్టుకి, ఐసు బండికి బాకీ ఉంచి కానుక కవరు మాత్రం లావుగా వెయ్యొద్దు. ముందు వాళ్ల డబ్బు వాళ్లకి ఇచ్చేయండి, ఎందుకంటే అది మీది కాదు, మీది కానిది మీరు దేవుడికి ఇవ్వలేరు. నెల జీతం వచ్చేవాళ్లకి ఈ తలనొప్పి లేదు, జీతం పడ్డ రోజే తీసి పక్కన పెట్టేస్తే సరి.

కాటా విషయం. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదని అందరికీ తెలుసు. మీరు రైతైతే పైన ఎండిన ధాన్యం పోసి కింద తడిది నింపకండి, మీరు కమిషన్ వ్యాపారమో మిల్లో చేస్తుంటే తేమ పేరు చెప్పి ఇష్టమొచ్చినట్టు తరుగు తీయకండి. దొంగ త్రాసు దేవుడికి అసహ్యమని సామెతలు 11వ అధ్యాయం మొదటి మాటే, ప్రతి నెలా పదకొండో తారీఖున మీ పిల్లలే అది చదువుతారు! రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని తూగాయో) కట్టేటప్పుడూ, కొబ్బరి కాయలు లెక్కపెట్టేటప్పుడూ ఇంతే. ఇక కూలికి వెళ్లే విశ్వాసికి కూడా ఒక మాట ఉంది, ఆసామి గట్టు మీదున్నప్పుడు ఒకలా, టీకి వెళ్లినప్పుడు ఒకలా చెయ్యొద్దు, కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం సరిగ్గా దీని గురించే.

పరిగె గురించి కూడా చెప్పాలి. చేను మూలలు పూర్తిగా కోయకుండా, రాలిన పరిగె బీదలకి వదలమని ధర్మశాస్త్రం, బైబిల్లో రూతు కథంతా దాని మీదే నడిచింది. మన దగ్గర ఇప్పుడు కోత మిషన్ దిగితే గంటలో చేను ఖాళీ, పరిగె ఏరుకునేవాళ్లకి ఏమీ మిగలదు. అందుకని మిషన్ వచ్చిన రోజున ఒక బస్తా, అంటే 75 కిలోలు, ముందే పక్కన పెట్టండి. పోయినేడు దాకా మీ చేలోనే కోతకి వచ్చి, మిషన్ల వల్ల పని పోయిన ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది.

తర్వాత నీళ్లు. డెల్టాలో పొరుగువాణ్ణి ప్రేమించడమంటే సగం నీళ్ల సంగతే. బోదెలో మీ వంతు అయ్యాక తూము మూసెయ్యాలి, రాత్రిపూట వెళ్లి ఎత్తకూడదు, మీరు ఎత్తితే కాలువ చివరనున్న శివారు రైతు చేను బీటలు వారుతుంది. గట్టు ఏడాదికి ఇంత చొప్పున చెక్కుకుంటూ పోకూడదు. రొయ్యల చెరువు ఉప్పునీళ్లు పక్కవాడి వరి చేలోకి ఊటగా దిగుతుంటే "నా చెరువు నా ఇష్టం" అనడానికి లేదు, చెరువు చుట్టూ ఊట కాలువ తవ్వించి ఆ నీరు మురుగు కాలువలోకి పోయేలా చూడాల్సింది మీరే, పంట బోదెలోకి మాత్రం వదలకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర విగ్రహాలకి ఇప్పటికీ మన ఊళ్లలో దండలు వేస్తారు, వేసేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. ఆయన ఏ చర్చికెళ్లాడో, ఎంతసేపు మోకరించాడో అడిగినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

ప్రభు బల్లకి ముందు వారం

చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం, బ్రదరెన్ కూడికల్లో అయితే ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఎప్పుడైనా సరే, అంతకుముందు బుధవారం నాడు కూర్చుని ఒక పేరు తలుచుకోండి. అర్పణ బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న మత్తయి 5వ అధ్యాయం మాట విని, ఆదివారం చర్చి మెట్ల మీద గబగబా చేతులు కలిపేసి వందనాలు చెప్పేసుకుంటే చాలనుకుంటాం. ఆ పని వారం మధ్యలో, ఇంటి దగ్గర జరగాలి.

ఒంటరిగా వెళ్లండి. చేతిలో బైబిలు వద్దు, వెంట పెద్దమనుషులు వద్దు. పాత లెక్కలన్నీ ఎత్తకుండా మీ వైపు జరిగింది మాత్రం చెప్పండి. "అన్నయ్యా, గట్టు దగ్గర నేను నోరు జారాను. సర్వేయర్‌ని పిలిపిద్దాం, ఖర్చు చెరి సగం పెట్టుకుందాం" అంటే చాలు. తోడికోడళ్ల మధ్యైతే ఇంకా తేలిక, "అక్కా, కాస్త పని ఉంది, పప్పు రుబ్బిపెడతావా" అని అడిగితే సగం కరిగిపోతుంది. తలుపు తీయకపోతే ఇంకోసారి వెళ్లండి. రెండోసారీ తీయకపోతే సంఘంలో నమ్మకమైన ఒకరిద్దరిని తీసుకెళ్లమని మత్తయి 18లో ఉంది, మైకులో పేరు చెప్పకుండా ప్రసంగంలో పొడిపించమని ఎక్కడా లేదు.

కట్నం సంగతి ఇక్కడే ఎందుకంటే, మన జిల్లాల్లో అన్నదమ్ముల తగువులు, అప్పులు, పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్లలు, వీటిలో చాలావాటికి మూలం అదే. 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. "మేం అడగలేదండి, వాళ్లే లాంఛనంగా పెట్టారు" అనే మాట చర్చి పెద్దల నోట విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు. మీకు పెళ్లీడు కొడుకుంటే సంబంధం చూడ్డం మొదలుపెట్టిన రోజే తీసుకోమని బయటికి చెప్పేయండి, ఆ తర్వాత వెనక్కి తగ్గడానికి సిగ్గేస్తుంది.

కులం మాట ఎత్తితే చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఎత్తాలి. ప్రభు బల్ల దగ్గర అందరికీ ఒకే రొట్టె, పెళ్లి భోజనాల దగ్గరకొచ్చేసరికి ఎవరి బంతి వాళ్లది. ఇది మీ సంఘంలో ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక పని చెయ్యండి, మీ కులం కాని విశ్వాసి ఇంటికి ఈ నెలలో భోజనానికి వెళ్లండి, వచ్చే నెల వాళ్లని మీ ఇంటికి పిలవండి. గృహ కూడిక పెట్టి టీ బిస్కెట్లు పంచడం దీని కిందికి రాదు. వంటింటి పక్కన కూర్చుని అన్నం తినాలి.

ఇరుగుపొరుగు

మైకు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. అన్ని మతాలవాళ్లకీ ఇదే, వాళ్లు పెట్టారు కదా అని మనమూ పెట్టడం మొదలైతే ఊళ్లో నిద్ర ఎవరికీ ఉండదు. ఉజ్జీవ కూటాలకి బాక్సులు రోడ్డు వైపు తిప్పకుండా పందిరి లోపలికి తిప్పించండి. మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలప్పుడు మైకే వద్దు. పక్క వీధిలో బాలింత ఉందనో, హార్ట్ పేషెంట్ ఉన్నారనో తెలిస్తే ముందే వెళ్లి "మూడు రోజులు కూటాలండి, ఇబ్బందైతే చెప్పండి, తగ్గించేస్తాం" అని చెప్పి రండి, నిజంగానే తగ్గించండి.

ప్రసాదం గురించి కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు టెన్షన్ పడుతుంటారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షిని బట్టి నడుచుకోండి. వద్దనుకుంటే "ఏమనుకోకండి పిన్నిగారూ, మేం తీసుకోమండి" అని నవ్వుతూ ఒక్క ముక్కలో చెప్పండి, అక్కడ ప్రసంగం అక్కర్లేదు. సంక్రాంతికి వాళ్లు పంపే అరిసెలు, మీరు క్రిస్మస్‌కి పంపే కేకు, ఈ ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఆగకూడదు. కోడి పందాల బరి దగ్గరికి వెళ్లకండి, జూదమే అది, కానీ వెళ్లినవాళ్లని ఇంట్లో కూర్చుని శపించే పని కూడా పెట్టుకోకండి. ఆ పందాల్లో డబ్బంతా పోగొట్టుకున్న మనిషి ఇంట్లో మర్నాడు పిల్లలకి ఏం వండారో కనుక్కోండి.

చావు ఇంటికి అందరి దగ్గరికీ వెళ్లండి. హిందువుల ఇంట్లో అయినా, ముస్లింల ఇంట్లో అయినా. ఏడ్చేవారితో ఏడవమన్న రోమా పత్రిక 12వ అధ్యాయం చర్చి సభ్యత్వం అడగలేదు. మీకు రాని ఆచారాలుంటే దూరంగా నిలబడండి, కుర్చీలు సర్దడం, దూరం నుంచి వచ్చేవాళ్లకి మంచినీళ్లు, ఆ పిల్లలకి మీ ఇంట్లో అన్నం, ఇవి ఏ ఆచారానికీ అడ్డు కావు. మన సంఘంలో చావైతే గొయ్యి తవ్వే మనిషి, సమాధుల తోటలో నీళ్లు నిలిచే కాలమైతే మెరక చోటు, బాడీ ఫ్రీజర్, వీటి ఫోన్ నంబర్లు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. జ్ఞాపకార్థ కూడికకి అప్పు చేసి నాలుగొందల మందికి బిర్యానీ పెట్టే అలవాటు ఈ మధ్య బాగా ముదిరింది, సంఘంగా కూర్చుని టీతో సరిపెడదామని తీర్మానం చేస్తే ఆ కుటుంబానికి అదే పెద్ద ఆదరణ. మొదట డబ్బున్నవాళ్ల ఇంట్లో అలా జరగాలి, లేకపోతే బీదవాళ్లకి అది అవమానంగా ఉంటుంది.

జబ్బు పడ్డవాళ్ల దగ్గరికి వెళ్తే ఫ్లాస్కులో వేడి నీళ్లు పట్టుకెళ్లండి, రాత్రికి తోడుంటామని చెప్పండి, ప్రార్థన చెయ్యమంటారా అని అడిగి, ఊఁ అంటేనే చెయ్యండి, రెండు నిమిషాల్లో ముగించండి. మందులు మానేయమని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద సేవకుడు చెప్పినా వినకండి. బీపీ, సుగర్, టీబీ, ఫిట్స్ మాత్రలు ప్రార్థన నూనె రాశామని ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లే రాజమండ్రిలో, పిఠాపురంలో ఆస్పత్రులు కట్టారు, లూథరన్ వాళ్లు ఒకచోట, కెనడియన్ బాప్టిస్టులు ఒకచోట. ప్రార్థన సరిపోతుందనుకుని ఉంటే అంత ఖర్చు దేనికి పెడతారు?

గోదారి పొంగినప్పుడు

జులై వస్తుండగానే మీ సంఘంలో నలుగురు కూర్చుని పనులు పంచుకోండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినగానే చర్చి తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి. లంక గ్రామాల్లో (గోదారి పాయల మధ్య ఊళ్లలో), గట్టు కింద ఊళ్లలో స్లాబు వేసిన భవనం చాలాచోట్ల చర్చి ఒకటే, అది ఆ రోజుల్లో ఊరందరిదీ. బెంచీలు గోడకి జరిపి, గ్యాసు సిలిండర్లు రెండు, పెద్ద గిన్నెలు, టార్పాలిన్లు, బ్లీచింగ్, కొవ్వొత్తులు ముందే తెచ్చి పెట్టండి. రెండో హెచ్చరిక దాకా ఆగితే పడవలు దొరకవు. ముసలివాళ్లని, గర్భిణుల్ని ముందే దాటించాలి, పశువులకి గడ్డి మెరకకి చేర్చాలి. వరద నీళ్లతో పాటు పాములు ఇళ్లలోకి వస్తాయి, పాము కాటుకి మందు ఇచ్చే దగ్గరి ఆస్పత్రి ఏదో, అక్కడికి ఏ దారి మునగదో ముందే కనుక్కోవాలి. మంత్రం వేయించడానికి ఆగొద్దు, ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగొద్దు, పడవలో ప్రార్థన చేసుకుంటూ వెళ్లండి.

పొట్లాలు పంచేటప్పుడు వరసలో ఎవరున్నారో చూడొద్దు. అన్నం పెట్టే ముందు వాళ్ల చేత పాట పాడించడం, కరపత్రం తీసుకుంటేనే దుప్పటి ఇవ్వడం, ఇలాంటివి చేసే బృందాలు బయటి నుంచి వస్తే మీ చర్చి ఆవరణలో ఒప్పుకోకండి. ఆకలి మీద ఉన్నవాడు దేనికైనా తల ఊపుతాడు, నీళ్లు తీశాక ఊళ్లో తలెత్తుకు తిరగాల్సింది మీరు. మహిళలకి మరుగుదొడ్డి ఉందో లేదో అన్నం కంటే ముందు చూడండి, ఇది మగవాళ్లు రాసే జాబితాల్లో ఎప్పుడూ ఉండదు.

కోత పండుగ, లెక్కలు

మాసూళ్లయ్యాక వచ్చే కోత పండుగలో ధాన్యం బస్తా, అరటి గెల, కొబ్బరి కాయలు, గుమ్మడి, కోళ్లు, ఎవరికి ఉన్నది వాళ్లు తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం. వేలం సరదాగా జరగాలి గానీ ఇద్దరు పెద్దలు పంతానికి పోయి అరటి గెలని వేలకి వేలు పాడుకోవడం, రెండేళ్లయినా ఆ డబ్బు కట్టకపోవడం, ఇదీ మనం చూస్తున్నదే. అందుకని డబ్బు అక్కడికక్కడే కట్టించుకోండి, బాకీ పాట లేదని ముందే మైకులో చెప్పేయండి. సెంటు భూమి లేనివాళ్లు తెచ్చిన నాలుగు గుడ్లని కూడా అందరి ముందే వేలానికి పెట్టండి, పక్కకి నెట్టకండి.

వచ్చిన మొత్తం ఎంత, గుప్పెడు బియ్యం ఎన్ని కిలోలు, వరద సాయానికి ఎంత పక్కన పెట్టారు, ఒక తెల్లకాగితం మీద రాసి చర్చి తలుపుకి అంటించండి. పేర్లు వద్దు, మొత్తాలే. కోశాధికారితో పాటు ఆయనకి చుట్టరికం లేని ఇంకొకరు సంతకం పెట్టాలి. తీసుకున్న ఇళ్ల పేర్లు మాత్రం ఆ ఇద్దరి నోట్ బుక్ దాటి బయటికి రాకూడదు. కాగితం మూడు నెలలకోసారి మార్చండి, వానకి తడిసిపోతే ఆలోపే మార్చండి.